రోమ్‌లో కూర్చోవడమూ తప్పేనా?

రోమ్‌ని నడిచి చూస్తేనే చూసినట్టు అంటారు అందరూ, నేనూ కాదనను, కానీ అంత నడిచాక ఎక్కడ కూర్చోవాలో మాత్రం ఒక్కళ్లూ చెప్పరు. పొద్దున కొలోసియం దగ్గర మొదలుపెట్టి పాంథియాన్, ట్రెవీ ఫౌంటెన్ అన్నీ కాలినడకనే తిరిగాం. దారి పొడవునా సాంపియెత్రీని అనే నల్లరాళ్లు పరిచి ఉంటాయి, ఫొటోల్లో తడిసి మెరుస్తూ భలే ఉంటాయి గానీ, రాయికీ రాయికీ మధ్య సందులో చెప్పు ఇరుక్కుని మా ఆవిడ రెండుసార్లు పడబోయింది.

సరే, స్పానిష్ స్టెప్స్ మీద కాసేపు చతికిలబడదాం అనుకున్నాం. 1725లో పూర్తయిన మెట్లు, 130కి పైనే ఉంటాయి. ఇలా కూర్చున్నానో లేదో, ఈల! 2019 నుంచి అక్కడ కూర్చోకూడదట, కూర్చుంటే 400 యూరోల దాకా జరిమానా. మెట్లు పాడవుతాయని పెట్టిన రూలే, నాకు అర్థమైంది, మోకాళ్లకి అర్థం కావాలిగా! గుడికెళ్తే దర్శనమయ్యాక రెండు నిమిషాలు కూర్చోకుండా కదలని మనుషులం మనం.

పోనీ కాఫీ తాగుదామంటే అదో లెక్క. కౌంటర్ దగ్గర నిలబడి తాగితే ఒక రేటు, అదే కప్పు కుర్చీలో కూర్చుని తాగితే మాకు మూడింతలు పడింది. బిల్లు చూసి నేను టక్కున లేచి నిలబడ్డాను గానీ అప్పటికే ఆలస్యమైపోయింది. వీధి కుళాయిల్లో నీళ్లు మాత్రం ఫ్రీ, చల్లగా హాయిగా ఉంటాయి... అవీ నిలబడే తాగాలనుకోండి.