మనవాళ్ళు కదా అని కోడ్ తగ్గించకండి

మొన్న ఇక్కడ అమెరికాలో ఉగాది సంబరాల ఆరోగ్య సదస్సులో ఒక పెద్దాయన మైకు అందుకుని, తన డాక్టరు విజిట్‌కు వేసిన బిల్లింగ్ కోడ్ గురించి, "అయిదు నిమిషాలు చూసి 99214 వేశారు, ఇది దోపిడీ కాదా?" అని నిలదీస్తే హాలంతా చప్పట్లు. వేదిక మీదున్న డాక్టరుగారొకరు "మనవాళ్ళకైతే నేను దానికంటే కింది స్థాయి కోడ్ 99213 దాటనండీ" అన్నారు. దానికీ చప్పట్లే. మనసు చివుక్కుమనిపించింది ఆ రెండో మాట.

2021 నుంచి అమెరికాలో ఆఫీసు విజిట్ (క్లినిక్‌లో డాక్టరును కలవడం) స్థాయి తేల్చేది వైద్య నిర్ణయంలోని క్లిష్టత, లేదా ఆ రోజు డాక్టరు వెచ్చించిన మొత్తం సమయం. సమయం లెక్కనైతే 99213కు 20 నిమిషాలు, 99214కు 30, 99215కు 40 నిండాలి. ముందుగా రిపోర్టులు చూసిందీ, రాత్రి విజిట్ వివరాల నోటు రాసిందీ అదే తేదీలో అయితే కలుస్తాయి. మెడికల్ అసిస్టెంట్ బీపీ చూసిన సమయం కలవదు. నిర్ణయం లెక్కనైతే గడియారంతో పనే లేదు. సమస్యలు, పరిశీలించిన సమాచారం, రిస్కు అనే మూడింటిలో రెండు ఆ స్థాయికి చేరితే చాలు.

షుగరు పేషెంటునే తీసుకుందాం. ఏ1సీ (మూడు నెలల సగటు షుగరు చెప్పే పరీక్ష) లక్ష్యం 7, వచ్చింది 8.4. క్రితంసారీ అంతే. మార్పు లేదు కదా అని "స్టేబుల్" అని రాసేస్తారు. తప్పంతా అక్కడే. ఈ కోడ్ల నియమావళి అయిన సీపీటీ నిర్వచనం ప్రకారం లక్ష్యం చేరని జబ్బు, మారకపోయినా స్టేబుల్ కాదు. కాబట్టి సమస్య మోడరేట్, అంటే 99214 స్థాయి. షుగరు మందు మెట్‌ఫార్మిన్ మోతాదు పెంచితే రిస్కూ మోడరేటే. మూడింటిలో రెండు చేరాయి కాబట్టి, అయిదు నిమిషాల్లో ముగిసినా అది 99214. కాకపోతే నోటులో "షుగరు, అవే మందులు" అని ఒక్క ముక్క ఉంటే ఆడిట్‌లో నిలవదు. "ఏ1సీ 8.4, లక్ష్యం 7, మెట్‌ఫార్మిన్ 500 నుంచి 1000 ఎంజీ, రోజుకు రెండుసార్లు, 3 నెలలకు మళ్ళీ ఏ1సీ" అని ఉండాలి.

థైరాయిడ్ ఒక్కటే ఉండి, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ రక్తపరీక్ష) సరిగ్గా ఉండి, అదే మాత్ర కొనసాగిస్తే మాత్రం 99213. మందు రాశాం కదా అని పైకి జరపకూడదు. క్రితం విజిట్‌లో ఆర్డరు చేసి లెక్కేసుకున్న టెస్టును, ఫలితం చూశామని ఈసారి మళ్ళీ లెక్కేయకూడదు. మన ఇళ్ళలో తరచూ జరిగేది మరొకటుంది: నాన్నగారి తెలుగును కొడుకు ఇంగ్లీషులో చెబితే అది అనువాదమే, పరిశీలించిన సమాచారం లెక్కలోకి రాదు. మతిమరుపు వల్ల ఆయన చెప్పలేని వివరాలు కొడుకు ఇస్తేనే వస్తుంది.

డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ చెల్లించేముందు మనం పెట్టుకోవాల్సిన మొత్తం) తీరని కుటుంబానికి 99213కీ 99214కీ ఉన్న తేడా జేబులోంచే పోతుందని తెలుసు. ఆ మమకారం అర్థమవుతుంది. అయినా డాక్టరుగారూ, మనవాళ్ళకొక కోడు, బయటివాళ్ళకొకటి వద్దు. చేసినంత పని రాయండి, రాసినంతే వేయండి. పెద్దాయనా, మీరూ పేషెంట్ పోర్టల్‌లో ఆ రోజు నోటు తెరిచి చూడండి. లక్ష్యం చేరని జబ్బో, అదుపులో ఉన్నా సరే రెండు దీర్ఘకాలిక జబ్బులో, వాటితోపాటు మందుల మీద తీసుకున్న నిర్ణయమూ అందులో కనిపించకపోతే, సమయం కూడా రాసి లేకపోతే, బిల్లింగ్ ఆఫీసుకు ఫోన్ చేసి కోడింగ్ రివ్యూ చేయమని అడగండి.