నీలి గుడ్డుకు గోత్రం కావలెను

తెల్ల గుడ్డు పెట్టే కోడిని మీ మూలపురుషుడెవరని అడిగినవారు ఇంతవరకు లేరు. గుడ్డు నీలంగా కనబడిందా, దాని ఇంటిపేరు, గోత్రం, స్వగ్రామం అన్నీ కావలసి వస్తాయి.

ఈ వంశావళిని మొదట చదివి వినిపించినవారు స్పెయిన్ దేశపు కోళ్ల శాస్త్రవేత్త సాల్వడార్ కస్తెల్యో. తోక లేకుండా, చెవుల దగ్గర లోలాకుల్లాంటి ఈకల కుచ్చులతో, నీలి గుడ్లు పెడుతున్న కోళ్లను చిలీలో చూసి ముగ్ధులైన ఆయన, 1921లో హేగ్ నగరంలో జరిగిన ప్రపంచ కోళ్ల మహాసభలో ఇవి మామూలు కోళ్లే కావని, వేరే జాతి జీవులని ప్రకటించి, లాటిన్‌లో నామకరణం కూడా జరిపించారు. తీరా విచారిస్తే, చిలీ ఆదివాసులైన మపూచే ప్రజలు పెంచుకునే తోకలేని కోళ్లనూ, కుచ్చుల కోళ్లనూ రూబెన్ బుస్తోస్ అనే పెంపకందారు కలపగా ఏర్పడిన సంకరమే ఈ మహావంశమని తేలింది. కస్తెల్యో నిజాయితీగా మాట వెనక్కి తీసుకున్నారు. పెళ్లి భోజనాలయ్యాక జాతకం తప్పంటే ఎవరు వింటారు? ఈ కోళ్లకు పడిన అరౌకానా అనే పేరు అప్పటికే ఖండాలు దాటింది.

వంశం అన్నాక లక్షణాలుండాలి గనుక అమెరికా కోళ్ల సంఘాల పెద్దలు తోక ఉండరాదని, కుచ్చులుండాలని నియమం పెట్టారు. కుచ్చులనిచ్చే జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ వస్తే పిల్ల పెంకులోనే చనిపోతుంది. అంటే కుచ్చుల జంటను కలిపితే సగటున నాలుగో వంతు పిల్లలు లోకం చూడవు. కుల గౌరవానికి ఆ మాత్రం ఖర్చు తప్పదని కాబోలు, నియమం మాత్రం నిలిచింది.

ఇక అసలు మూలపురుషుడు 2013లో దొరికాడు. ఆయన ఒక వైరస్. ఈఏవీ-హెచ్‌పీ అనే రెట్రోవైరస్ ఏనాడో కోడి జన్యువుల మధ్య కాపురం పెట్టడం వల్ల, బిలివర్డిన్ అనే పైత్యరస వర్ణకం పెంకులోకి చేరి, లోపలి వైపు దాకా నీలం పట్టిస్తోంది. కాబట్టి ఈ వ్యవహారంలో పైత్యమంతా మనుషులదేననడం కోడికి అన్యాయం చేయడమే. చిక్కేమిటంటే, చైనాలోని డాంగ్‌షియాంగ్, లూషీ కోళ్లలోనూ అదే వైరస్ విడిగా, కాస్త వేరే చోట, చొరబడింది. చిలీ పెట్టకూ చైనా పుంజుకూ సంబంధం చూడవలసి వస్తే అది సగోత్రమవుతుందో కాదో పండితులే తేల్చాలి.

వారు తేల్చేలోగా మనం గుడ్డు పగలగొట్టి అట్టు వేసుకోవచ్చు. లోపల సొన అందరిదీ ఉన్నట్టే ఉంటుంది. గోత్రం పెంకుతోపాటు చెత్తబుట్టలో ఉంటుంది.