చెయ్యి తిరిగిన డాక్టరు ఒక్కరుంటే చాలా?

వాట్సాప్‌లో తెగ తిరుగుతున్న మాట ఇది: "మంచి డాక్టరు, కొత్త మెషిన్లు ఉంటే ఆసుపత్రి మంచిదే. పని వాతావరణం అవీ ఇవీ మీటింగుల్లో చెప్పుకునే కబుర్లు. మేనేజ్‌మెంటు డబ్బు లెక్కలు చూసుకుంటే చాలు. పొరపాట్ల రిపోర్టులు తక్కువున్న చోట చేరండి." ఒక్కో ముక్కా చూద్దాం.

"మంచి డాక్టరు ఉంటే చాలు." ఐసీయూలో పెద్ద సిరలోకి సెంట్రల్ లైన్ అనే సన్నటి గొట్టం (కాథెటర్) వేస్తారు. దాని ద్వారా రక్తంలోకి ఇన్ఫెక్షన్ పాకితే ప్రాణం మీదికొస్తుంది. రాకుండా ఏం చేయాలో డాక్టర్లందరికీ తెలుసు: చేతులు కడుక్కోవాలి, చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిములను చంపే మందుతో తుడవాలి, గౌను, గ్లోవ్స్ వేసుకుని పేషెంటుకు స్టెరైల్ గుడ్డ కప్పాలి, వీలైతే తొడ దగ్గర వేయకూడదు, అవసరం తీరగానే తీసేయాలి. హడావిడిలో ఏదో ఒకటి తప్పిపోతుంది. అమెరికాలోని మిషిగన్‌లో వందకు పైగా ఐసీయూలు 2003లో మొదలుపెట్టిన పనిలో కొత్త మందేమీ లేదు. పక్కన నిలబడి చూసే నర్సు, ఒక్కటి తప్పినా, ఎంత పెద్ద డాక్టరైనా సరే, "ఆగండి" అనొచ్చు. పైవాళ్లు ఆమె వెనక నిలబడతారు. వెయ్యి కాథెటర్ రోజులకు (ఒక పేషెంటుకు ఆ గొట్టం ఒక రోజు ఉంటే ఒక కాథెటర్ రోజు) 2.7గా ఉన్న మధ్యస్థ ఇన్ఫెక్షన్ రేటు, అంటే ఐసీయూలన్నిటినీ వరసలో పెడితే నడిమధ్య వచ్చే రేటు, మూడు నెలల్లో సున్నాకు దిగింది. డాక్టర్లు మాత్రం పాతవాళ్లే.

"రిపోర్టులు తక్కువుంటే సేఫ్." ఇది తలకిందుల లెక్క. 1990లలో అమెరికా పరిశోధకురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రుల్లో మందుల పొరపాట్లను లెక్కిస్తే, బాగా కలిసి పనిచేసే టీముల్లోనే అవి ఎక్కువ తేలాయి. అక్కడివాళ్లు దాచకుండా చెప్పారు మరి. ఒకేలా కనిపించే రెండు వయల్స్‌లో (ఇంజెక్షన్ మందు సీసాల్లో) తప్పుది తీసి, ఆఖరి క్షణంలో లేబుల్ చూసి ఆగిన నర్సు సంగతే తీసుకోండి. మెమో వస్తుందన్న టెన్షన్ ఉంటే ఆ విషయం రాస్తుందా? రాయదు. రిజిస్టర్ శుభ్రంగా ఉంటుంది, ఆ రెండు వయల్స్ అదే ట్రేలో పక్కపక్కనే ఉంటాయి.

"మేనేజ్‌మెంటుకు డబ్బు లెక్కలు చాలు." ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్ ఆసుపత్రిలో అలాగే నడిపారు. ఖర్చు తగ్గించాలని సిబ్బందికి కోత పెట్టారు. పేషెంట్లు మాసిన పక్కల మీదే గంటలకొద్దీ పడి ఉన్నారు, నీళ్లు చేతికి అందని దూరంలో ఉన్నాయి. ముందే మొత్తుకున్న సిబ్బంది మాట ఎవరూ వినలేదు. దీనిపై విచారణ జరిపిన లాయరు రాబర్ట్ ఫ్రాన్సిస్ 2013లో ఇచ్చిన నివేదికలో 290 సిఫార్సులున్నాయి.

అలాగని చేయాల్సిన పనుల చెక్‌లిస్టు గోడకు అంటిస్తే మంచి పని సంస్కృతి వచ్చేయదు. ఎనిమిది నగరాల్లో సర్జరీ చెక్‌లిస్టు వాడితే ఆపరేషన్ అయినవాళ్లలో మరణాలు 1.5 శాతం నుంచి 0.8కి తగ్గాయని 2009లో వచ్చిన అధ్యయనం చెప్పింది. అదే కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రులు వాడినా చెప్పుకోదగ్గ తేడా రాలేదని 2014లో తేలింది. కారణాలపై వాదన ఇంకా ఉంది. నా మటుకు నేను ముందు అడిగేది ఒకటే: ఆ టిక్కులు ఆపరేషన్‌కు ముందు అందరూ ఆగి పెట్టినవా, సాయంత్రం ఒకరే కూర్చుని పెట్టినవా?