సవరణ: అంబాసిడర్ ఛాసిస్, థార్ ఫోర్ వీల్ డ్రైవ్ గురించి

హన్మకొండలో మా ఇంటి అంబాసిడర్‌ను, పక్కింటి థార్‌ను పోల్చి మొన్న రాసిన పోస్టులో "రెండూ జీపు లెక్క ఛాసిస్ మీద కట్టిన బండ్లే" అన్న. అది తప్పు, నాదే పొరపాటు. అంబాసిడర్‌కు విడి ఛాసిస్ (బాడీ కింద బరువు మోసే ఇనుప చట్రం) ఉండదు. బ్రిటన్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చిన బండి అది. బాడీయే బరువంతా మోస్తది. నిచ్చెన లాంటి ఛాసిస్ ఉన్నది థార్‌కే. పాత బండ్ల మెకానిక్ ఒకాయన చెప్పిండు, కంపెనీ వివరాలు చూస్తే నిజమే. అందుకే పాత అంబాసిడర్ కొనేటోళ్లు ముందు ఫ్లోర్, తలుపుల కింది అంచులు చూడాలె. అక్కడ తుప్పు తింటే పైన రంగు ఎంత మెరిసినా దండగ.

ఇంకోటి. "థార్‌కు నాలుగు చక్రాల లాగుడు ఉంటది" అన్నదాన్ని ఎప్పుడూ ఉంటదని చాలామంది అనుకున్నరు. మామూలుగా లాగేది వెనుక చక్రాలే, అంబాసిడర్ లెక్కనే. గేర్ లివర్ పక్కనున్న రెండో లివర్‌ను 4హెచ్ (నాలుగు చక్రాలు, మామూలు గేర్లు) లేదా 4ఎల్ (నాలుగు చక్రాలు, తక్కువ వేగం, ఎక్కువ బలం)లో వేస్తేనే ముందు చక్రాలు కలుస్తయి. మధ్యల డిఫరెన్షియల్ (ముందు, వెనుక చక్రాలను వేర్వేరు వేగంతో తిరగనిచ్చే భాగం) లేదు కాబట్టి పొడి తారు రోడ్డు మీద 4హెచ్‌లో మలుపు తిప్పితే టైర్లు, గేర్లు బిగుసుకుంటయి. ములుగు రోడ్డుకు 2హెచ్ (వెనుక రెండు చక్రాలే లాగేది) చాలు. వానకాలం నల్లరేగడిలో దిగబడితే 4ఎల్. ఓనర్ మాన్యువల్ కూడా ఇదే చెప్తది.

2023 జనవరి నుంచి వెనుక చక్రాల డ్రైవ్ మాత్రమే ఉన్న థార్ కూడా అమ్ముతున్నరు. సెకండ్ హ్యాండ్‌ల తీసుకునేటోళ్లు ఆ రెండో లివర్ ఉందో లేదో చూసుకోండి.