ఫ్రంట్ లెఫ్ట్, ఫ్రంట్ రైట్

కూకట్‌పల్లిలో ఓ కాలనీ వినాయక మండపం. హారతికి పావుగంట టైముంది. లాప్‌టాప్ హెడ్‌ఫోన్ జాక్ వదులైందని, సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో కొన్న వేలెడంత యూఎస్‌బీ సౌండ్ కార్డు గుచ్చి, అక్కణ్నుంచి ఆంప్లిఫయర్‌కి వైరు లాగారు. లాప్‌టాప్‌లో విండోస్ బదులు ఉబుంటు, అంటే ఓ రకం లైనక్స్. పాట పెట్టారు. చప్పుడు లేదు.

కార్డు లేదా అంటే ఉంది. గుచ్చినవాటి జాబితా చూపే ఎల్ఎస్‌యూఎస్‌బీ ఆదేశం కొడితే కనబడుతోంది. సౌండ్ కార్డుల జాబితా ఇచ్చే ఎప్లే హైఫన్ ఎల్ కొడితే ‘కార్డ్ 1’ అంటోంది. డ్రైవర్ వేసే పని కూడా లేదు, యూఎస్‌బీ ఆడియో క్లాస్ అనే ప్రమాణం పాటించే కార్డయితే లైనక్స్ గుండెకాయ కెర్నెల్‌లోని ఎస్ఎన్‌డీ-యూఎస్‌బీ-ఆడియో మాడ్యూలే చూసుకుంటుంది. విండోస్ వాళ్ల ముందు కాలర్ ఎగరేయడానికి మాకున్న కారణాల్లో ఇదొకటి. పాట వస్తే ఇంకా బాగా ఎగరేయొచ్చు.

“బ్లూటూత్ పెట్టరాదు?” అన్నారు సెక్రటరీ గారు. ఆంప్లిఫయర్‌కి బ్లూటూత్ లేదని చెప్పారు. ఆయన సరేనని తలూపి, కాసేపాగి, “మరి బ్లూటూత్ పెట్టరాదు?” అన్నారు.

ఇలాంటప్పుడు బుద్ధిమంతుడు సెట్టింగ్స్‌లో సౌండ్ తెరిచి, అవుట్‌పుట్ దగ్గర హెచ్‌డీఎంఐ తీసేసి యూఎస్‌బీ ఎంచుకుంటాడు. మ్యూట్ పడి ఉంటే అదీ అక్కడే కనబడుతుంది. కానీ పదిమంది చూస్తుండగా లైనక్స్ వాడు మౌస్ పట్టుకుంటే పరువు ఏం కావాలి? ఆదేశాలు టైపు చేసే టెర్మినల్ తెరవాల్సిందే. స్పీకర్-టెస్ట్ అని కొట్టి, హైఫన్ పెద్ద డీ పెట్టి ప్లగ్‌హెచ్‌డబ్ల్యూ:1,0 అని, రెండు ఛానెళ్లకు హైఫన్ సీ 2 అని, ఏ పక్క స్పీకరో పలికే మాట వినబడాలని హైఫన్ టీ వేవ్ అని తగిలించారు. ఎంటర్. నిశ్శబ్దమే. ఇదీ లాభం లేదని ఆ కిటికీని కిందికి దించేశారు.

దించారు, ఆపలేదు. ఈ స్పీకర్-టెస్ట్‌కి ఎన్నిసార్లో చెప్పకపోతే అనంతంగా తిరుగుతూనే ఉంటుంది. హైఫన్ ఎల్ 1 అని పెడితే ఒక్క చుట్టుతో ఆగుతుంది. అది మామూలు అలవాటుగా ఎందుకు పెట్టలేదో, రాసిన మహానుభావులకే తెలియాలి. పైగా ప్లగ్‌హెచ్‌డబ్ల్యూ అని నేరుగా కార్డునే పట్టుకుంటే, బస్సు సీట్లో కర్చీఫ్ వేసినట్టే, ఇంకెవరికీ చోటుండదు. ప్లేయర్ల సౌండును కార్డుకి చేర్చే పైప్‌వైర్ పనిలేకపోతే 5 సెకన్లకు కార్డు వదిలేస్తుంది, ఆ సందులో ఇది దూరింది. ఆ తర్వాత పాట ప్లేయర్ ఎంత నొక్కినా ‘డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ’.

మధ్యలో సౌండ్ వస్తుందేమోనని ప్లేయర్ వాల్యూమ్ నూరు చేశారు. కార్డు వాల్యూమ్ మార్చే ఆల్సామిక్సర్ తెరిచి, ఎఫ్6తో యూఎస్‌బీ కార్డు ఎంచుకుని, పైబాణం నొక్కి దాన్నీ నూరు చేశారు. అవతల కమిటీలో ఎవరో ఆంప్లిఫయర్ బిరడా కూడా చివరికంటా తిప్పారు. అప్పుడు కనబడ్డాయి గడి కింద రెండు ఎమ్‌లు. అంటే మ్యూట్. ఎమ్ మీట నొక్కారు.

“ఫ్రంట్ లెఫ్ట్!”

మండపం పందిరి అదిరింది. అయ్యగారి చేతిలో గంట ఆగింది.

“ఫ్రంట్ రైట్!”

ప్రదక్షిణ చేస్తున్న పెద్దమ్మ ఒకావిడ ఆగిపోయి, “ఎటు తిరగాలె బిడ్డా, సక్కగ చెప్పు” అంది. పిల్లలు వరుస కట్టి కవాతు మొదలుపెట్టారు. పక్క గల్లీలో నీళ్ల ట్యాంకర్ రివర్స్ తీస్తోంది. వెనక క్లీనర్ “రానీ, రానీ” అంటుంటే, ముందు నుంచి మన స్పీకర్లు “ఫ్రంట్ లెఫ్ట్” అంటున్నాయి. డ్రైవర్ కాసేపు మా మాటే విన్నాడు, గొంతు అంత ధీమాగా ఉంది మరి. తర్వాత తల బయటపెట్టి, “ఎవడన్నా రైట్ అన్నది? ఈడ గోడుంది!” అని అరిచాడు. దానికి జవాబుగా మళ్లీ “ఫ్రంట్ లెఫ్ట్!”

హైఫన్ టీ వేవ్ పెట్టకుండా ఉంటే మాటలుండేవి కావు, ఉత్త పింక్ నాయిస్ హోరు వచ్చేది. ట్యాంకర్ లీకవుతోందని సర్దిచెప్పే వీలుండేది.

కంగారులో ఎస్కేప్ నొక్కారు. ఎస్కేప్ ఆల్సామిక్సర్‌ని మూస్తుంది, శబ్దాన్ని కాదు. మళ్లీ ఎమ్ నొక్కి ఉంటే సరిపోయేది. కిందికి దించిన కిటికీ వెతికి కంట్రోల్ సీ కొట్టినా సరిపోయేది. కార్డుని ఎవరు పట్టుకున్నారో ఫ్యూజర్ హైఫన్ వీ, స్లాష్ డెవ్ స్లాష్ ఎస్ఎన్‌డీ స్లాష్ స్టార్ చెప్పేస్తుంది. ఇవన్నీ చెప్పేలోగా సెక్రటరీ గారు కార్డు పీకి చేతిలో పట్టుకున్నారు.

తిరిగి గుచ్చాక పీఏవీయూ కంట్రోల్ అనే సౌండ్ సెట్టింగ్స్ యాప్‌లో కాన్ఫిగరేషన్ ట్యాబ్ చూస్తే ప్రొఫైల్ ‘డిజిటల్’ మీద కూర్చుంది. దాన్ని అనలాగ్ స్టీరియోకి మార్చగానే పాట వచ్చింది. హారతి అప్పటికే అయిపోయింది. ఇక నుంచి కార్డుని నంబరుతో కాకుండా పేరుతో పిలవాలని, అంటే ప్లగ్‌హెచ్‌డబ్ల్యూ తర్వాత కార్డ్ ఈక్వల్స్ అని పేరు రాయాలని, రీబూట్ అయితే నంబర్లు తారుమారు కావచ్చని సెక్రటరీ గారికి వివరంగా చెప్పడం జరిగింది. ఆయన అంతా విని, “నిమజ్జనానికి డీజే వాళ్లని మాట్లాడినం” అన్నారు.

వాళ్ల మిక్సర్‌కీ యూఎస్‌బీ సాకెట్ ఉందట.