పడక్కుర్చీ నుంచి పండగ పాలన

సంక్రాంతి మూడు రోజుల పండగని పంచాంగాల్లో రాస్తారు. దీన్నిబట్టి పంచాంగకర్తలకి హైదరాబాదులో ఒక చెల్లెలూ, బెంగుళూరులో ఇంకో చెల్లెలూ, వాళ్ళకి ఇద్దరేసి పిల్లలూ లేరని తెలుస్తోంది. మా కోనసీమలో పండగ డిసెంబరు మధ్యలో నెలగంట పెట్టిన రోజునే మొదలవుతుంది. ఆఖరి చుట్టం మర్చిపోయిన ఫోను ఛార్జరు కొరియర్లో వెళ్ళేదాకా నడుస్తుంది.

ఇంత వ్యవహారాన్ని భుజాన మోస్తున్నది ఎవరు? వంటింటివాళ్ళని అందరూ తలుచుకుంటూనే ఉంటారు. టీవీ ప్రకటనల్లో నూనె ప్యాకెట్టు పక్కన నవ్వుతూ నిలబడేది కూడా వాళ్ళే. ఇంటి యజమాని గురించి మాత్రం ఎక్కడా ఒక్క మంచిమాట లేదు. ఈ అన్యాయాన్ని ప్రభుత్వం దృష్టికి తేవడమే ఈ వ్యాసం ఉద్దేశం. నేనూ ఇంటి యజమానినే గాని, ఇందులో నాకు స్వార్థం ఏమీ లేదు.

అన్నిటికన్నా బరువైన పని మొదట్లోనే ఉంటుంది. అదేమిటంటే ఆహ్వానం. చెల్లెలు ఫోను చేసి "అన్నయ్యా, ఈసారి పిల్లలకి సెలవులు ముందే ఇచ్చారు, వచ్చేద్దామనుకుంటున్నాం" అంటుంది. "అడగాలా అమ్మా, ఎన్నాళ్ళయినా ఉండండి" అని నేను అనాలి. చదవడానికి ఇది తేలిగ్గా కనిపిస్తుంది. గొంతులో ఆప్యాయత తగ్గకూడదు, పక్కనే నిలబడ్డ మా ఆవిడ మొహం వైపు చూడకూడదు. ఏకకాలంలో ఈ రెండూ సాధించడానికి ఎంత నిగ్రహం కావాలో పెళ్ళయినవాళ్ళకే తెలుసు.

ఇక పిండివంటలు. అరిసెల గురించి జనంలో చాలా అపోహలున్నాయి. కొత్తబియ్యం నానబెట్టి, నీళ్ళు ఓడ్చి, తడి ఆరకుండా పిండి కొట్టించి, జల్లించి, బెల్లం పాకం పట్టి, అది ముదరకుండా, లేతగానూ ఉండకుండా సరిగ్గా ఉండకట్టే వేళకి పిండి పోసి, పొయ్యి ముందు ఒకరు వత్తుతుంటే ఇంకొకరు నూనెలో తిప్పి, తీసినదాన్ని చెక్కల మధ్య నొక్కి నూనె పిండి ఆరబెడితే అరిసె తయారవుతుందని అనుకుంటారు. ఇదంతా తయారీ మాత్రమే. నాణ్యత సంగతి ఎవరు చూడాలి? మొదటి వాయిలోది ఒకటి, మధ్యలోది ఒకటి, చివర నువ్వులద్దినవి రెండు తిని చూసి, "కిందటేడు ఇంకొంచెం మెత్తగా వచ్చినట్టు గుర్తు" అని చెప్పే మనిషి లేకపోతే ఈ ఇంటి ప్రమాణాలు ఏమైపోవాలి? ఈ ఏడాది నేను ఆ మాట చెప్పాక వంటింట్లో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. విమర్శని అంత శ్రద్ధగా స్వీకరించడం ముచ్చటేసింది.

ఆ వేడిలోనే సిబ్బంది వ్యవహారం కూడా తేల్చాను. అంట్లు తోమే అమ్మాయి భోగి ముందురోజు వచ్చి, "పండగండి, మా ఊరెళ్ళాలండి, నాలుగు రోజులు రానండి, ఆయ్" అంది. శ్రామికుల హక్కులంటే నాకు మొదట్నించీ గౌరవం. నాలుగేం ఖర్మ, వారం తీసుకోమన్నాను. ఇలాంటి విధాన నిర్ణయాల్లో ఇంట్లోవాళ్ళని సంప్రదించే ఆనవాయితీ మాకు లేదు. ఆ అమ్మాయి వెళ్తూ వెళ్తూ వంటింటి వైపు ఒకసారి జాలిగా చూసింది. పెద్దింటి పద్ధతులు ఆమెకి అర్థంకాకపోవడం సహజం.

బంధువుల రాకపోకల పర్యవేక్షణ కూడా నాదే. హైదరాబాదు బావగారు కారులో బయల్దేరిన దగ్గర్నుంచీ పంతంగి దాటాం, కొర్లపహాడ్ దాటాం, చిల్లకల్లు దాటాం అని టోల్‌గేటు టోల్‌గేటుకీ ఫోను చేస్తూనే ఉంటారు. నేను ప్రతి కబురూ వెంటనే వంటింట్లోకి కేకేసి చెబుతాను. లోపల్నుంచి అన్నం గిన్నె మార్చిన చప్పుడు వినిపిస్తుంది. రావులపాలెం కబురు వచ్చేసరికి కుక్కరు రెండోసారి కూత పెట్టాలి. ఒక జాతీయ రహదారినీ ఒక పొయ్యినీ ఇలా కలిపి నడిపించడం మా ఇంట్లోనే చూశాను.

బెంగుళూరువాళ్ళు శేషాద్రి ఎక్స్‌ప్రెస్‌లో రాజమండ్రిలో దిగుతారు. రైల్వేవారి లెక్కలో అయిదేళ్ళు నిండని పిల్లలకి బెర్తు అడక్కపోతే టిక్కెట్టు అక్కర్లేదు. అందుకని మా మేనల్లుడు సామర్లకోట వైపు వెళ్ళే రైల్లో ఉన్నంతసేపూ నాలుగేళ్ళవాడు. ప్లాట్‌ఫారం దాటగానే, "మామయ్యా, నాకు ఆరు!" అని తనే ప్రకటించుకున్నాడు. చెల్లెలు వాడి నోరు మూసింది. అప్పటికి మేము స్టేషను బయటే ఉన్నాం గనక చట్టానికి భంగం కలగలేదనే నా అభిప్రాయం.

పడకల కేటాయింపు మీద ఎక్కువ రాయను, అది రాజ్యాంగ సంక్షోభం లాంటిది. ఉన్న మంచాలు అల్లుళ్ళకి, పరుపులు వృద్ధులకి, దోమతెర చంటిపిల్లకి పోగా మిగిలిన బొంత మీద మా ఆవిడా మా అమ్మాయీ పొయ్యిగదికీ మెట్లకీ మధ్య సర్దుకున్నారు. తెల్లవారుజామున లేవడానికి అదే అనువని నేనే సూచించాను. బాత్రూము ముందు వరసకి మాత్రం పద్ధతి కుదర్లేదు. నగరం పిల్లలు ఆ గదిలోకి ఫోను పట్టుకెళ్తున్నారు. ఎందుకురా అంటే "వీడియో అయిపోవస్తోంది మామయ్యా" అంటారు. బయట పెద్దల సహనం కూడా అయిపోవస్తోంటుంది.

భోగి రోజున ఒక దుస్సంఘటన జరిగింది. పిల్లలు పిడకల దండలు వేశారు, విరిగిన బల్ల వేశారు, బూజుపట్టిన చాట వేశారు. అప్పుడు మా ఆవిడ, నలుగురూ వింటూండగా, "పాతవన్నీ మంటలో వెయ్యాలంటారు కదండీ, ఈ పడక్కుర్చీ కూడా బాగా పాతబడింది" అంది. వేళాకోళానికే అందని నమ్ముతున్నాను. కాని పిల్లలకి వేళాకోళం తెలీదు. నలుగురూ తలో కాలూ పట్టుకుని లేపేశారు. నేను అందులోనే ఉన్నాను. చుట్టుపక్కలవాళ్ళు చప్పట్లు కొట్టారు. నా పరిపాలనా కార్యాలయాన్ని అలా ఊరేగించడం ప్రజాస్వామ్యానికి మంచి సంకేతం కాదు.

సాయంత్రం భోగిపళ్ళు. అయిదేళ్ళలోపు పిల్లలకి దిష్టి తియ్యడానికి రేగిపళ్ళూ, బంతిపూల రేకులూ, నానిన శనగలూ, చెరుకుముక్కలూ, చిల్లర డబ్బులూ కలిపి తలమీంచి పొయ్యడం మన ఆచారం. ఇందులో చిక్కల్లా చిల్లర. ఫోనుతో డబ్బులు కట్టే రోజులు వచ్చాక ఇంట్లో రూపాయి బిళ్ళలు కనబడటం మానేశాయి. పదిమంది పర్సులు దులిపితే ఒక అయిదు రూపాయల బిళ్ళ దొరికింది. అది కూడా ఎవరిదో తేలక వాదన అయింది. చివరికి కిరాణా కొట్లో చిల్లరకి బదులు ఇచ్చిన చాక్లెట్లనే కలిపి పోశాం. చంటిది పట్టులంగా గుచ్చుకుంటోందని అప్పటికే ఏడుస్తోంది. మొదటి దోసిలికే రేగిపండు ముక్కు మీద తగిలి ఆరున్నొక్క రాగం ఎత్తుకుంది. పెద్ద పిల్లలు దాని కుర్చీ కిందకి దూరి చాక్లెట్లకోసం కొట్టుకున్నారు. ఇదంతా వీడియో తీస్తున్న వాళ్ళ నాన్న, "నవ్వమ్మా, నవ్వు" అంటూనే ఉన్నాడు. దిష్టి సంగతి చెప్పలేను గాని, రాత్రికల్లా గదినిండా చీమలు. ఆ గది ఊడ్చినవాళ్ళు ఎవరో నాకు గుర్తులేదు, తెల్లారేసరికి మాత్రం శుభ్రంగా ఉంది. ఇల్లన్నాక కొన్ని పనులు వాటంతటవే అవుతాయి.

బొమ్మలకొలువు పిల్లలకి అందకుండా పై మెట్టు దాకా పెట్టాం, అందింది. డాలస్‌లో ఉన్న తమ్ముడు వీడియో కాల్లో చూసి, "వదినా, రాముడి పట్టాభిషేకం పక్కన ఆ పాలడబ్బా ఏమిటి?" అన్నాడు. అంత దూరాన ఉండి కూడా సంప్రదాయం మీద వాడి పట్టింపు తగ్గలేదు.

పెద్దపండగ రోజు భోజనాల గురించి మాత్రం నిలబడి చెప్పుకోవాలి. అల్లుడి మర్యాదలకి మా గోదావరి జిల్లాలు దేశంలో పేరుపడ్డాయి. 2022 సంక్రాంతికి నరసాపురంలో ఒక కుటుంబం మనవరాలికి కాబోయే భర్తకి 365 రకాలు వడ్డించింది. పత్రికలన్నీ ఫొటోలు వేశాయి. ఆ కుర్రాడి కష్టం ఒక్కసారి ఊహించండి. ఏ మూల నుంచి మొదలుపెట్టాలో తెలీదు, ఒకటి వదిలేస్తే అత్తవారు నొచ్చుకుంటారు, అన్నీ తింటే ప్రాణం మీదికొస్తుంది. అంతటి త్యాగం ముందు గిన్నెలు తోమినవాళ్ళ ప్రస్తావన ఎందుకని కాబోలు, నేను చదివిన వార్తల్లో వాళ్ళ ఊసే లేదు. నాకది సబబుగానే తోచింది.

మా ఇంట్లో అన్ని రకాలు లేవు గాని క్రమశిక్షణ ఉంది. మొదటి బంతి పిల్లలకి. అందులో ఒకడు పులిహోర వద్దు, బొబ్బట్టు వద్దు, నూడుల్స్ కావాలంటాడు. వాటికోసం ఇంకో పొయ్యి వెలుగుతుంది. రెండో బంతి అల్లుళ్ళకీ నాకూ. మూడో బంతి ఆడవాళ్ళకి. అది మూడున్నరకో నాలుక్కో జరుగుతుంది. ఈసారి నేను మంచినీళ్ళ కోసం అటు వెళ్తే గిన్నె అడుగున చారూ, పచ్చడీ, విరిగిన అప్పడాలూ వేసుకుని తింటున్నారు. పండగపూట కూడా అంత నిరాడంబరంగా ఉండగలగడం ఆడవాళ్ళకే చెల్లింది. ఆ మాటే వాళ్ళతో అన్నాను. మా పెద్ద చెల్లెలు నా చేతిలో గ్లాసు తీసుకుని, "నువ్వెళ్ళి పడుకో అన్నయ్యా" అంది. చిన్నప్పట్నుంచీ దానికి నేనంటే ప్రాణం.

భోజనాలయ్యాక మగవాళ్ళం ఊళ్ళో ప్రజాసంబంధాలు చూసుకోవడానికి బయటికి వెళ్ళాం. ఎటు వెళ్ళామో చట్టం ఒప్పుకోదు గనక రాయను. రాత్రి పదింటికి ఒక బావగారు ఓడిపోయిన పుంజుతో తిరిగొచ్చి, "అక్కయ్యగారూ, ఇది ఇప్పుడే వండితేనే రుచి" అన్నారు. అల్లం వెల్లుల్లి ఒలవడానికి మనిషి దొరక్కపోతే, ఎవర్ని లేపాలో నేనే చెప్పాను.

కనుమ నాడు కాకైనా కదలదని సామెత. ఈ సామెతని మా చుట్టాలు వేదవాక్కుగా పాటిస్తారు. మిగతా శాస్త్రాల విషయంలో ఇంత నిష్ఠ చూడలేదు. కనుమకి మినుము తినాలి గనక పొద్దున్నుంచీ గారెల పప్పు రుబ్బుతూనే ఉన్నారు. నేను పిల్లలందర్నీ జగ్గన్నతోట ప్రభల తీర్థానికి తీసుకెళ్ళే బాధ్యత నెత్తిన వేసుకున్నాను. కాకి కదలని రోజున అక్కడికి పదకొండు ఊళ్ళ శివుళ్ళు, అంటే ఏకాదశ రుద్రులూ, వెదుళ్ళతో కట్టి అలంకరించిన ప్రభల మీద కదిలొస్తారు. కౌశిక నది నీళ్ళలోంచి ప్రభని దించి ఒడ్డుకెక్కించే ఆ మోతగాళ్ళని చూస్తే ఒళ్ళు గగుర్పొడుస్తుంది. ఇందులో వ్యంగ్యం లేదు, అది చూసి తీరాల్సిందే. తోటలో పాత స్నేహితులు కనబడటంతో నేను మాటల్లో పడ్డాను. ఇద్దర్ని చెరో రెక్కా పట్టుకుని, ఒకడ్ని చంకనేసుకుని, జీళ్ళ దుకాణం దగ్గర తప్పిపోయిన నాలుగోదాన్ని వెతికి తెచ్చింది మా అమ్మాయి. కాలేజీ చదువులో ఇలాంటి అనుభవం ఎక్కడ వస్తుంది?

వెళ్ళేరోజు కారు డిక్కీలో అరిసెలు, జంతికలు, సున్నుండలు, ఆవకాయ, కొబ్బరికాయలు, ఒక అరటిగెల సర్దారు. చెల్లెళ్ళు కళ్ళనీళ్ళు పెట్టుకుని, "వదినా, నువ్వసలు రెస్టే తీసుకోవట్లేదు, చిక్కిపోయావు" అన్నారు. ఆ మాట అంటూనే చంటిదాని పాలసీసా కడగమని ఇచ్చారు.

అందుచేత నా కోరికలు ఇవి. ఇంటి యజమానులకి కనుమ తర్వాత వారం రోజులు జీతంతో కూడిన విశ్రాంతి. పడక్కుర్చీలకి భోగిమంటల నుంచి చట్టపరమైన రక్షణ. "రండి, రండి" అనేవాళ్ళకి జిల్లాకొక ప్రశంసాపత్రం. ఈ ముసాయిదా మా ఆవిడకి చదివి వినిపించాను. ఆమె పూర్తిగా విని, గోడమీది క్యాలెండరులో నవంబరు పేజీ తిప్పి, 13వ తేదీ చుట్టూ సున్నా చుట్టింది. రైలు రిజర్వేషను ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తారట, ఉదయం ఎనిమిదింటికి. జనవరి 12కి రాజమండ్రి నుంచి శ్రీకాకుళం రోడ్డుకి, వాళ్ళ పుట్టింటికి. ఎన్ని టిక్కెట్లని అడిగాను.

"రెండు. నాకూ, అమ్మాయికీ."

మరి చెల్లెళ్ళు వస్తారే అన్నాను. బియ్యం ఎప్పుడు నానబెట్టాలో, పాకం ఎంతసేపు తిప్పాలో అన్నీ కాయితం మీద రాసిపెట్టి వెళ్తానంది. ప్రభుత్వం ఈ విషయంలో ఏదైనా చెయ్యదలిస్తే నవంబరు 13 లోపల చెయ్యాలని సవినయంగా మనవి.