నర్సును మాత్రం అడగొద్దు

ఫైనల్ ఇయర్ రాగానే మన ఇంజనీరింగ్ విద్యార్థులకు గ్రామీణ ఆరోగ్యం మీద బెంగ పట్టుకుంటుంది. వైవా అయ్యాక తగ్గిపోతుంది లెండి. ఈలోగా ఒక ఆర్డ్వినో బోర్డు, ఒక పల్స్ సెన్సర్, రోగి వివరాలు పంపే ఒక యాప్ తయారవుతాయి (అమీర్‌పేటలో అయితే రిపోర్టుతో సహా దొరుకుతాయి). పాడేరు కొండల్లో సిగ్నల్ కోసం గుట్టెక్కే ఆశా కార్యకర్తకు ఆ యాప్ పుణ్యాన వ్యాయామం కూడా అవుతుంది.

ఈ చదువును మరింత పటిష్ఠం చేయాలి. ముందుగా విద్యార్థులు పీహెచ్‌సీ గడప తొక్కకుండా చూడాలి. వెళ్తే స్టాఫ్ నర్సు కనిపిస్తుంది, నోరు విప్పుతుంది. ఆమెకు కావలసింది కొత్త యంత్రం కాదని, మూలన పడున్న పాత వార్మర్‌కు (పసికందుల్ని వెచ్చగా ఉంచే యంత్రం) ఒక ఫ్యూజని తెలిసిపోతుంది. ఫ్యూజు వేస్తే పోటీల్లో ఎవరైనా కప్పు ఇస్తారా? పేద దేశాల ఆస్పత్రుల్లో దాదాపు 40 శాతం పరికరాలు పనిచేయడం లేదని 2011లో డ్యూక్ యూనివర్సిటీ పరిశోధకులు లెక్క తేల్చారు. మిగతా 60 శాతం సంగతి మనం చూసుకోవాలి.

మనకు ఆదర్శం నియోనర్చర్. కారు విడిభాగాలతో చేసిన ఇంక్యుబేటర్ అది. హెడ్‌లైట్లు వేడినిస్తాయి. కారు మెకానిక్ ఎక్కడైనా ఉంటాడు కాబట్టి రిపేరుకు లోటుండదన్నది ఆలోచన. 2010లో టైమ్ పత్రిక ఆ ఏటి 50 మేటి ఆవిష్కరణల్లో దాన్ని చేర్చింది. తయారుచేసే కంపెనీ మాత్రం ముందుకు రాలేదు. వార్డులోకే రాని యంత్రం ఇక పాడయ్యేదెక్కడ? అంత మన్నిక ఇంకే యంత్రానికుంది?

పాపం, దాన్ని రూపొందించిన సంస్థే తర్వాత దారి తప్పింది. పసికందుల కామెర్లకు ఫైర్‌ఫ్లై అనే లైటు చేస్తూ వియత్నాం తయారీదారుతో చేతులు కలిపింది. పైగా దాన్ని ఒక్క బిడ్డే పట్టేంత చిన్నగా చేసింది. చోటుంటే రద్దీ వార్డులో ఇద్దరు ముగ్గుర్ని కలిపి పడుకోబెడతారు, ఒకరి ఇన్‌ఫెక్షన్ ఇంకొకరికి అంటుకుంటుంది. ఇది ల్యాబులో కూర్చుంటే తట్టే విషయం కాదు, వార్డులో కాళ్లు లాగేదాకా నిలబడాలి. ప్లేస్‌మెంట్ టెన్షన్‌లో ఉన్న మన పిల్లలకు అంత తీరికెక్కడిది?

హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీ వాళ్లయితే మరీ అన్యాయం. నవజాత శిశువుల ఊపిరికి అక్వేరియం పంపులతో విద్యార్థులు బబుల్ సీప్యాప్ (ఊపిరితిత్తులు ముడుచుకుపోకుండా ఒత్తిడితో గాలి పంపే పరికరం) నమూనా చేశారు. ఫొటో దిగి ఊరుకోవచ్చుగా! ఆఫ్రికాలో మలావీ దేశంలోని బ్లాంటైర్ ఆస్పత్రిదాకా తీసుకెళ్లి, అక్కడి డాక్టర్లు, నర్సులు చెప్పినట్టు మార్చుకుంటూ పోయారు. 2014లో ఫలితాలు అచ్చయ్యాయి. తీవ్రమైన శ్వాస ఇబ్బందితో ఉన్న శిశువుల్లో మామూలు ఆక్సిజన్‌తో 44 శాతం మంది బతికితే దీనితో 71 శాతం మంది బతికారు. అప్పటికి ఆ విద్యార్థుల డిగ్రీలు ఎప్పుడో చేతికొచ్చేశాయి. మార్కులు రాని పనికి ఇంత శ్రమా?

వచ్చే హ్యాకథాన్‌లో జడ్జీల పక్కన ఒక నర్సును కూర్చోబెడదామని ఎవరైనా అమాయకులు అనవచ్చు. ఒప్పుకోకండి. దీన్ని దేనితో తుడవాలి, ట్యూబు పోతే ఏ షాపులో దొరుకుతుంది అని ఆవిడ అడుగుతుంది. రెండూ సిలబస్‌లో లేని ప్రశ్నలే. ఆవిడకు ఒక శాలువా కప్పి, ముందు వరసలో కూర్చోబెట్టి, మైకు మాత్రం దూరంగా పెట్టండి.